పదమూడో జత

ఆ ఫోటో దిక్కే చూస్తున్నవేంది బిడ్డా? మెడల విజిలేసుకొని నవ్వుతున్నామెనే దుర్గాభవాని మేడం. మీ కాలేజీల ఇప్పుడు నువ్వు చేస్తున్న బాస్కెట్‌బాల్ కోచ్ పని మొట్టమొదలు చేసింది ఆమెనే. కూసో కిరణ్మయీ, నీ ఆర్డర్ రాసుకుంట గని, ముందు ఇది విను. నలభై ఏండ్ల కింది ముచ్చట. అప్పుడు మన ఈ జగ్దల్‌పూర్‌ల ఆడపిల్ల నిక్కరేసుకొని బంతి పట్టుడంటే తమాషానా? మేడం కిరండూల్ రైలు లైన్ల పనిచేసే రైల్వే వాళ్ల పిల్ల, అసలు ఊరు శ్రీకాకుళం దిక్కు. నోరు తెరిస్తే "బాబాయ్, బాబాయ్". పన్నెండు మంది పిల్లలకు అంగీ, నిక్కరు కలిపి ఆట జతలు కుట్టుమన్నది. నేనేం జేసిన? ఆడపిల్లలు గదా, నలుగురు చూస్తరు గదా అని నా అంతట నేనే నిక్కర్లను మోకాళ్ల కిందికి దింపి, దండిగ కుచ్చులు పెట్టి కుట్టిన. మర్యాద కాపాడిన అనుకున్న, పిచ్చోణ్ణి! తెల్లారి ఆమె అదే ఏసుకొని దుకాణం ముందల ఉరికింది. సంతకొచ్చిన జనమంతా నిలబడి చూసుడే. పదడుగులు పోయిందో లేదో, కాళ్లకు చుట్టుకొని బోర్లపడ్డది. కావాలనే పడ్డదో, నిజంగ పడ్డదో నాకిప్పటికీ తెల్వదు. లేసి దుమ్ము దులుపుకొని, "ఇదేటి బాబాయ్, నిక్కరు కుట్టమంటే లంగా కుట్టేసినావు?" అని పకపక నవ్వింది. సిగ్గుతోని సచ్చిన. అన్నీ విప్పి మళ్ల కుట్టిన.

నా బిడ్డ కల్యాణి గూడ ఆ కాలేజీలనే చదువుతుండె. పొడుగు పిల్ల, బంతంటే పానం. "పంపించు బాబాయ్" అన్నది మేడం. "వద్దమ్మా, రేపు సంబంధాలు చూడాలె" అన్న. మళ్ల అడగలే. అడగకుండ ఏమన్నదో తెల్సా? "పదమూడు జతలు కుట్టు బాబాయ్. పదమూడోది మీ కల్యాణి కొలతకి." కుట్టిన. పన్నెండు తీసుకపోయింది, ఒకటి ఈ బల్ల మీద పెట్టిపోయింది. మర్సటేడు గూడ అంతే, ఆ పైయేడు గూడ అంతే. ఏం మొండిదమ్మా! అడవిల ఉన్న ఉసూర్ నుంచొచ్చిన మంగ్లీ, అప్పటిదాంక బూటు ముఖం చూడని పిల్ల, రాయ్‌పూర్ పోయి కప్పు తెచ్చింది. ఆ పిల్ల జత కుట్టింది నేనే, బస్టాండుకు పోయి దండేసింది నేనే. నా పిల్ల మాత్రం ఈడ కూసోని బొత్తాలు కుట్టింది.

మేడం కాలం చేసిందని తెలిసిన నాడు కల్యాణి అత్తగారింటి నుంచి వచ్చింది. పెట్టె తెరిచి ఆ మూడు జతలు ఒళ్లో పెట్టుకొని కూసున్నది. మడత గూడ విప్పలే. నన్ను తిట్టినా బాగుండు బిడ్డా. తప్పు నాదే, ముమ్మాటికీ నాదే.

ఆ... ఎన్నన్నవ్, పన్నెండా? పదమూడు కుడ్త. ఎవరికని నన్నడుగకు. మైదాన్ బయట గోడ పట్టుకొని చూసే పిల్ల ఒకతి ఉంటది, చూసుకో. ఆ పిల్ల కొలత తెచ్చియ్యి. తండ్రి వద్దంటే ఆయన్ని నా తానకు పంపు, నేను మాట్లాడ్త. టేపు ఏడ పెట్టిన? నీ చెయ్యి కిందనే ఉన్నది, ఇటియ్యి.