గీత వణకలేదు

ఓరెగాన్‌లో పెరోల్ ఆఫీసు ముందు ఆపి ఉన్న కారులో అన్న లైల్, చెల్లెలు నొరీన్.

"పాసయ్యాను. విన్నావా నొరీన్? లై డిటెక్టర్ పాసయ్యాను."

"విన్నాను."

"మరి అలా ఉన్నావేం?"

"ఎలా ఉన్నాను? హీటర్ తగ్గించు."

"ఇక ఆ షెల్టర్ పీడ వదిలింది. శనివారం నుంచి మీ ఇంట్లోనే ఉండొచ్చని ఆఫీసరమ్మ కాగితం రాసేసింది. అమ్మ గది సర్దావా?"

"లేదు."

"నెల కిందటే చెప్పానుగా."

"అవసరం పడదనుకున్నాను."

"అదేం మాట? ఫెయిలవుతాననుకున్నావా?"

"ఏమడిగారు?"

"నీకెందుకూ అవన్నీ."

"ఏమడిగారు, లైల్?"

"ఉన్నవే. కేసులో ఉన్న ఇద్దరమ్మాయిలు కాక ఇంకే పిల్లనైనా ముట్టుకున్నావా అని. అడగబోయేవన్నీ ముందే చదివి వినిపిస్తార్లే, దొంగదెబ్బేం ఉండదు. ఛాతీకి పట్టీలు, వేళ్ళకి తీగలు. కదలకూడదు. లేదన్నాను."

"ఒక్కసారేనా?"

"మూడుసార్లు అడుగుతారు. మూడుసార్లూ లేదన్నాను. మిషన్ కాగితం మీద గీత వణకనైనా వణకలేదట."

"వణకలేదా."

"ఏదైనా ఉంటేగా వణకడానికి. పద, దారిలో బర్గర్ తిందాం. పొద్దున్నుంచి కాఫీ చుక్క కూడా తాగలేదు."

"చిన్నప్పుడు అమ్మ పీచ్ పళ్ళ సీసాలు పెట్టే నేలమాళిగ గుర్తుందా?"

"ఇప్పుడదెందుకు?"

"గుర్తుందా?"

"ఉందిలే. మెట్లు విరిగి ఉండేవి. బండి తియ్యవే."

"నాకు తొమ్మిదేళ్ళు."

"నొరీన్..."

"నీకు పదిహేడు."

"అది... అది వేరు. మనం ఇంట్లోవాళ్ళం. దాన్ని తెచ్చి ఇందులో ఎవరైనా కలుపుతారా? నాకసలు తట్టనే లేదు, ఒట్టు."

"తెలుసు. తట్టలేదు కాబట్టే పాసయ్యావు."

"అది కాదు. వాళ్ళు అడిగుంటే చెప్పేవాణ్ణి."

"మూడుసార్లు అడిగారు."

"ఎక్కడికి? తలుపెందుకు తీస్తున్నావు?"

"లోపలికి."

"వెళ్ళి ఏం చెప్తావు? నీ ఇల్లు కూడా లేకపోతే నేనెక్కడికి పోను?"

"తెలీదు. ఆ మిషనే చెప్పేస్తుందిలే అన్న ధైర్యంతో, నిన్ను ఇంట్లో పెట్టుకుంటానని సంతకం పెట్టాను. ఇక నేనే చెప్పాలి."