కాగితం వెనక రాసిన షిఫ్టులు

2001 జులై 2న శ్రీమతి డైసీ గారు మన విశ్వవిద్యాలయ వాణిజ్య విభాగంలో విద్యా సలహాదారుగా చేరారు. విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి భిలాయిలోనే స్థిరపడిన కుటుంబంలో పుట్టిన ఆమెకు, ఇక్కడి ఇళ్ళలో గడియారం కంటే షిఫ్టే పెద్దదని ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఏ విద్యార్థి వచ్చినా ఆమె ఒక కాగితం తీసి, ముందువైపు ఆరు సెమిస్టర్లలో చదవవలసిన విషయాలు వరసగా రాయించేవారు. వెనకవైపు ఆ విద్యార్థిదో, ఇంట్లోవాళ్ళదో షిఫ్టు పట్టీ రాయించేవారు. రాసినదంతా విద్యార్థి తన మాటల్లో తిరిగి చెబితేనే సంతకం పెట్టేవారు.

"దీదీ, ఇది కాలేజీయా, కర్మాగారం టైమ్ ఆఫీసా?" అని గుమాస్తా సత్యారావు గారు ఎగతాళి చేసేవారు.

"షిఫ్టు తెలియకుండా చదువు ఎక్కడ ఇరికించమంటారు భయ్యా?" అనేవారు ఆమె.

2009లో ఆమె పూనికతోనే మన విద్యార్థి సహాయ కేంద్రం ఏర్పడింది. పాత పుస్తకాల బ్యాంకు, ఆదివారాలు పై తరగతివాళ్ళు చెప్పే అకౌంటెన్సీ పాఠాలు, పనికి వెళ్ళేవాళ్ళ కోసం సాయంత్రం ఎనిమిది దాకా తెరిచి ఉంచే కంప్యూటర్ల గది ఆమె సమకూర్చినవే. పరీక్షనాడు డ్యూటీ పడినవాళ్ళకు ఆ పూట సెలవు ఇవ్వమని యజమానులకు చిట్టీ రాసి పంపడమూ ఆమె పనే.

2014 మార్చి 24, సోమవారం. క్యాంప్ 2 బస్తీ నుంచి వచ్చే మణిమాల ఒక కాంట్రాక్టరు క్యాంటీనులో పని చేస్తూ బి.కామ్ చదువుతుండేది. కాస్ట్ అకౌంటింగ్ పేపరు రెండుసార్లు తప్పింది. నియమం ప్రకారం ఆ రోజుదే ఆఖరి అవకాశం. పోతే మూడేళ్ళ చదువూ రద్దయిపోతుంది. పది గంటలకు పరీక్ష మొదలైంది. ఆమె బెంచీ ఖాళీగా ఉంది. పదిన్నర దాటితే లోపలికి రానివ్వరు. డైసీ గారు చేస్తుంటే మణిమాల ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. డైసీ గారు ఆటో ఎక్కి క్యాంటీనుకు చేరేసరికి పదీ నలభై.

మణిమాల తడి చేతులతోనే బయటికి వచ్చింది. "ఇప్పుడొచ్చి ఏటి చేస్తారు మేడమ్? నా షిఫ్టు ఉదయానికి మార్చీసేరని గురువారమే కాగితం తెచ్చి మీకిచ్చేను కదా. చిట్టీ పంపించుంటారని ధీమాగా డ్యూటీకొచ్చేను. చిట్టీ రాలేదు, వెళ్తే రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు సూపర్‌వైజరు."

డైసీ గారు వెంటనే ఆఫీసుకు తిరిగి వచ్చి ఫైళ్ళన్నీ వెతికారు. గురువారం నాటి కాగితం ఇంకొకరి ఫైలులో పిన్ను పెట్టి ఉంది, పెట్టింది తామే. మణిమాల కాగితం వెనక పాత మధ్యాహ్నం షిఫ్టే ఉండిపోయింది. అందుకే చిట్టీ అవసరం లేదనుకున్నారు.

అప్పటి విభాగాధిపతి గురునాథరావు గారు ఆమె మంచి కోరే మనిషి. తలుపు దగ్గరికి వేసి మాట్లాడారు.

"అమ్మాయి గైర్హాజరు అని ఒక్క వాక్యం రాయండి డైసీ గారూ. మీ పదోన్నతి కాగితం నా బల్ల మీదే ఉంది."

"గైర్హాజరు కాదు సార్, రాకుండా చేసింది నేను."

"ఈ మాట సర్వీసు పుస్తకానికి ఎక్కితే ఇక చెరగదు."

"నేను రాయకపోతే ఆ పిల్ల మూడేళ్ళూ చెరిగిపోతాయి కదా సార్."

ఆమె రాసిన కాగితాన్ని రిజిస్ట్రారు గదికి తీసుకెళ్ళవలసింది అటెండరు చిన్నమ్మలు. కవరు చేతికివ్వబోయి డైసీ గారు మళ్ళీ బల్ల మీదే పెట్టేశారు.

"ఒక్క కాగితమే కదా మేడమ్, అంత బరువా?" అంది చిన్నమ్మలు.

"నువ్వే పట్టుకెళ్ళు చిన్నమ్మలూ. నేను వెళ్తే సగం దారిలో చింపేస్తానేమో."

తొమ్మిది రోజులు జవాబు రాలేదు. డైసీ గారి టిఫిన్ డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తిరిగి వెళ్ళేది. పదోనాడు రెండు ఉత్తర్వులు వచ్చాయి: పొరపాటు కార్యాలయానిది కనుక మణిమాలకు ప్రత్యేక పరీక్ష, డైసీ గారికి మందలింపు. పదోన్నతి ఇంకొకరికి వెళ్ళింది. మణిమాల నలభై ఒక్క మార్కులతో గట్టెక్కింది. ఇప్పుడామె భిలాయి దగ్గరి నందినిలో ఒక సంస్థ లెక్కల విభాగం చూస్తోంది.

చేరిన ఉద్యోగంలోనే డైసీ గారు ఎందుకు పదవీ విరమణ చేస్తున్నారని కొత్తగా వచ్చిన సహోద్యోగులు అడుగుతుంటారు. ఆమె చెప్పరు. కవరు మోసిన నాడు చిన్నమ్మలుకు అక్షరాలు రావు. తరువాత మన సహాయ కేంద్రంలోనే, సాయంత్రాల్లో, డైసీ గారి దగ్గరే నేర్చుకుంది. నిరుడు పాత ఫైళ్ళు సర్దుతుండగా ఆ కాగితం నకలు కనబడితే కూడబలుక్కుని చదివింది. "నిర్లక్ష్యం విద్యార్థినిది కాదు, నాది" అని ఉంది.

మణిమాల పరీక్షకు రాలేకపోయిన ఆనాటి నుంచి డైసీ గారు ఒక నియమం పెట్టుకున్నారు. పరీక్షకు ముందురోజు సాయంత్రం, పనికి వెళ్ళే ప్రతి విద్యార్థీ ఫోను చేసి మర్నాటి షిఫ్టు చెప్పాలి. చెయ్యనివాళ్ళకు ఆమే చేసేవారు.

ఈ నెలాఖరుకు ఆమె కుర్చీ ఖాళీ అవుతుంది. రాబోయే పరీక్షల ముందు సాయంత్రాలు కూడా పిల్లలు ఆమెకే ఫోను చేస్తారని మాకు తెలుసు. ఆమె ఎత్తుతారనీ తెలుసు. ఆ ఫోను ఎత్తే చేతికి సత్తువ, ఆ మాట వినే చెవికి చురుకు తగ్గకుండా, డైసీ గారు ఆయురారోగ్యాలతో, కుటుంబ సౌఖ్యంతో చిరకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం.

— చిన్నమ్మలు, అటెండరు, విద్యార్థి సహాయ కేంద్రం