చేప పైనా, కంకి పైనా

ఈశ్వరమ్మ అని, అడ్డరోడ్డు కాడ రేకుల సెడ్డులో ఉంటాది సూడండి, వడ్రంగి అప్పలాచారి కూతురు, ఆవిడ సంగతి ఇది. అప్పలాచారి ఉలి పట్టేడంటే సెక్క మీద తీగ పాకినట్టే ఉండీది. అలాటోడికి కళ్ళు పోనాయి. పూర్తిగా పోనేదు గానీ, ఎలుగూ సీకటీ తప్ప ఇంకేటీ ఆనవు. మరి ఇల్లు గడవాల గదా. ఈశ్వరమ్మ ఏం సేసిందంటే, ఇశాపట్నం ఎల్లి ఆరు నెల్లుండి, కంప్యూటర్లో బొమ్మలు గీడం నేర్సుకొచ్చి, సి.ఎన్.సి. మిసను పెట్టీసింది. మీరు సూసేరో నేదో, పెద్ద బల్లంత ఉంటాది, పైన ముల్లు గిర్రున తిరుగుతాది. కంప్యూటర్లో బొమ్మ ఎక్కడ ఎంత ఎత్తుంటే సెక్కనీ అక్కడ అంత ఎత్తుంచీసి, మిగతాదంతా గీకీస్తాది. అంతే దాని పని. మంచాలకి, గుమ్మాలకి పువ్వులూ నెమళ్ళూ వేసుకుంటా ఆవిడ బతుకు ఆవిడ బతుకుతంది.

అలా ఉండగా ఏమైందంటే, మన ఇసకాలమ్మ గుడి తలుపు సెద పట్టిపోనాది. ఆ తల్లి మనకీ తల్లే, సేపల పాలేనికీ తల్లే అనుకో. గుమ్మం ఇరుకు, ఒంటిరెక్క తలుపే పడతాది. దానికి టేకు పలక ఒక్కటే దొరికింది, అంత ఎడల్పుది ఇంకోటి నేదన్నారంట కలప అడితీలో. సరే, బొమ్మ ఏటెయ్యాల? మనోళ్ళు వరికంకులన్నారు. పాలెమోళ్ళు సేపలన్నారు. కిందటేడు జాతర్లో ఘటం ముందెవులు మొయ్యాలని కర్రలు లేసి ముగ్గురి తలలు పగిల్నాయి గదా, ఆ కేసింకా తెగనే నేదు, ఇంతలో ఇదొకటి. ఆకరికి మన పెద్ద దాలినాయుడూ, పాలెం పెద్ద తాతారావూ ఇద్దరూ సెడ్డుకాడికొచ్చి, ఒకడీ మూలా ఒకడా మూలా నిల్సుని, రెండూ వెయ్యి తల్లీ, ఎవుల్దీ తగ్గకూడదు అన్నారంట. వేస్తాను బావూ, దానికేటి అందంట ఈవిడ. అక్కడే సిక్కుకుంది.

కంకుల బొమ్మ ఒకటి గీసింది, సేపల బొమ్మ ఒకటి గీసింది, ఏటికది సక్కగున్నాయి. పెద్దలిద్దరూ మళ్ళీ వొచ్చి కూకున్నాక, రెండూ కలపమని కంప్యూటరుకి సెప్పింది. అది ఏం సేసిందంటే, ఏది ఎత్తుగుంటే దాన్నుంచీసి, పల్లంగా ఉన్నదాన్ని మింగీసింది. సేప పొట్ట ఎత్తు గదా, అక్కడున్న కంకులన్నీ దాని కిందకి పోనాయి. దాలినాయుడు తెరలోకి సూసి, మా కంకులేవే అమ్మా, ఆళ్ళ సేప కింద పాతీసేవా? అన్నాడు. నేదు బావూ, ఇంకోలా కలుపుతానుండండని, ఈ ఎత్తూ ఆ ఎత్తూ కూడమంది. ఇప్పుడేటయింది, సేప ఒంటి మీద గింజలు గింజలు లేసిపోనాయి. తాతారావు మొకం మాడిపోనాది. మా సేపకి అమ్మోరు పోసిందేటమ్మా? అన్నాడు. ఇద్దరూ లేసిపోతా పోతా ఒకే మాటన్నారంట, ఆ ఒక్క మాటకే కలిసేరు: పున్నానికి జాతర, ఎవుల్ది పైనుంచుతావో నువ్వే తేల్సుకో.

అదేటన్నట్టు? ఎవుల్ది పైనుంచినా రెండోవోళ్ళు ఊరుకుంటారా? ఈశ్వరమ్మకి ముద్ద దిగితే ఒట్టు. సిన్న మామిడి సెక్క మీద ఆ మొదట కలిపిన బొమ్మే సెక్కించి, తీసుకెళ్ళి తండ్రి సేతిలో పెట్టింది. మిసను పెట్టిన కాణ్ణించీ అప్పలాచారి దాని మాటెత్తనే నేదు, అడగడానికి ఈవిడకీ బయమే. ఆయన ఏళ్ళతో తడిమేడు, తడిమేడు. ఇక్కడ తోకెందుకు తెగిపోనాది? అన్నాడు. తోక పల్లం గదా, అది కంకి కిందకెల్లిపోనాది నానా అంది. ఎల్లిపోతే మరి ఆ పక్క లేవాల గదే! నాను సెక్కినపుడు, రెండు తీగలు ఒకదాన్నొకటి దాటిన కాడ ఒకదాన్ని కాత్త లోపలికి దించీవోణ్ణి, అటేపు మళ్ళీ పైకి తేల్చీవోణ్ణి. నీ మిసను దించలేదేటి? అన్నాడంట. ఈవిడ ఆ సెక్క తీసుకుని తనూ తడిమింది. దించుతాది నానా, నానే సెప్పలేదు అంది.

ఇంక కూకుంది సూడండి. సేపని ముక్కలు సేసింది, కంకిని ముక్కలు సేసింది, ఒక్కో దాటు కాడా ఇది పైన అది కింద అని సేత్తో దించుతా తేల్చుతా, నాలుగు రోజులు పట్టింది. సేప ఈ కంకి కిందనించి దూరి ఆ కంకి మీదనించి పోతంది, నిజంగా సేలో నీళ్ళు నిండినపుడు సేప ఈదినట్టే అనుకో. పెద్దలిద్దర్నీ పిలిసింది. ఆళ్ళేటి సేసేరో తెలుసా? లెక్కెట్టేరు! ఏలు పెట్టి లెక్కెట్టేరు. ఏడు దాట్లు. సేప నాలుగు సార్లు పైన, కంకి మూడు సార్లు. దాలినాయుడు కుర్సీ ఎనక్కి తోసీసేడు. పోనీ ఒకటి తీసీనా అంటే తాతారావు తియ్యనివ్వడు. ఇంకోటి కలుపుదామా అంటే పలకలో సోటు నేదు.

ఆ ఏడోది ఎక్కడంటే, సరిగ్గా సేప నోటికాడ. ఈశ్వరమ్మ ఏం సేసిందంటే, ఆళ్ళ ముందే మౌసు పట్టుకుని సేప నోరు తెరిసీసింది. పై పెదవి కంకి మీద, కింద పెదవి కంకి కింద. ఇప్పుడు సెప్పండి బావూ, ఎవుల్ది పైన? అంది. ఇద్దరూ తెర మీదకొంగిపోనారు, బుర్రకి బుర్ర తగిలిందంట. దాలినాయుడు, మా కంకిని మీ సేప తినీస్తందిరా అన్నాడు. తినక? తరాల్నించీ మీ బువ్వే గదేటి తింటన్నాం అన్నాడు తాతారావు. దాలినాయుడు కాసేపు గెడ్డం గోక్కున్నాడు. మరి మీ సేప నేందే మా ఇంట్లో ముద్ద దిగుతాదేటి, కానీయవే అమ్మా, అన్నాడు.

పలక మిసనెక్కించింది. రెండు పగళ్ళు నడిసింది. ఆకర్న ఆ పెదవికాడికొచ్చేసరికి సూదంత ముల్లెట్టి, సెయ్యి మిసను ఆపే మీట మీదే ఉంచి, నిల్సుందంట. పెదవి ఇరిగితే మరింక పలక నేదు. ఇరగలేదు. పొట్టు ఊదీసి తండ్రిని నడిపించుకొచ్చింది. ఆయన తోక కాణ్ణించి ఏలు పెట్టేడు, కంకుల కిందకెల్లేడు, పైకొచ్చేడు, కిందకెల్లేడు, నోటికాడ ఆగేడు. నీ మిసను కుదురుగానే సెక్కిందే, ఈ అంచుల కాడ గరుగ్గా ఉంది, ఉప్పుకాయితం ఇలాతే అని అక్కడే కూకుని రుద్దడం మొదలెట్టేడంట. ఈశ్వరమ్మ మొకం అటు తిప్పుకుని మిసను తుడిసింది, తుడిసిందే తుడిసింది.

పున్నానికి తలుపెక్కింది. రెండు పక్కలోళ్ళూ పసుపు రాసేరు, కర్రలు లేవలేదు. ఇంతకీ ఎవుల్ది ఎక్కువ సార్లు పైనుంది అంటారా? నాను మనూరోణ్ణి, నన్నడిగితే కంకిదే నాలుగంటాను. పాలెం ఎల్లి అడగండి, సేపదే నాలుగంటారు. ఈశ్వరమ్మనడగండి, కుర్సీ ఏసి, టీ ఇచ్చి, మీరే లెక్కెట్టుకోండి బావూ అంటాది.