బట్టీలోకి దిగిన ఆకాశం

టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే గప్పాల తాత ఓ పట్టాన లేవడు. భార్య పోయి నెల కూడా కాలేదు, ఇంట్లో గోడలు మీదకొస్తున్నాయి, ఇక్కడైతే వినడానికి మనుషులున్నారు. పింగాణీ గిన్నెల మీద పువ్వులు దిద్దేదీ, పైన గాజుపూత పోసేదీ ఆవిడే, గది తలుపేసుకుని. తాత పనల్లా వాటిని కాల్చే బట్టీలో మంట పెట్టడం.

"తెల్లగా పాలల్లే ఉన్న గిన్నెలు లోపల పెడతానా, చల్లారాక తీస్తే నీలం! ఎవరి చలవ? నా మంట చలవ! ఓసారి ఎంత నీలంగా వచ్చిందంటే, పిచ్చుకొచ్చి ఆకాశమనుకుని గిన్నెలోకి ఎగరబోయి ముక్కు పగలగొట్టుకుంది."

"అయ్యో పాపం," అన్నాడు టైలరు.

"అప్పుడే ఏమైంది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకో రెండు కట్టెలేశాను, మబ్బు దిగొచ్చి కూజాలో దూరింది! మూత పెట్టేశా. ఊళ్ళో చుక్క వాన లేదు, మా ఇంట్లో ఒకటే ఉరుములు, మా ఆవిడేమో చెవులు మూసుకుని..." తాత గ్లాసెత్తి ఓ గుక్క టీ తాగాడు. "ఆఁ, ఎక్కడున్నాం? మంట ఇంకా ఎగదోశాను. పైకి చూస్తే ఏముంది, ఆకాశం తెల్లగా పాలిపోయింది! నీలమంతా నా బట్టీ లాగేసింది! జనం కాళ్ళావేళ్ళా పడితే, ఒక నీలం పళ్ళెం కరిగించి, నిచ్చెనేసుకుని నేనే మళ్ళీ పూసొచ్చాను."

"నిచ్చెన దేనికి ఆనించావు తాతా?" అన్నాడు టీ కొట్టతను.

"మబ్బుకి."

"మబ్బు కూజాలో ఉందిగా?"

"అది ఇంకో మబ్బురా!"

అందరూ నవ్వారు. పక్కన టీ తాగుతున్న తాత మరదలు, పోయినావిడ చెల్లెలు, నవ్వలేదు. "అంత మొనగాడివి, అక్క ఆఖర్న చేసిన గిన్నెలు ఇంకా కాల్చలేదేం బావా?"

తాత మొహం వాడిపోయింది. "అదే అంతుబట్టట్లేదే. ఎప్పుడూ తెల్లగా నా చేతికొచ్చేవి. ఇవేమో పువ్వు పువ్వంతా నల్లగా, మసిబారినట్టున్నాయి. కళ్ళు కనపడక దేంట్లో ముంచిందో ఏమో. తొట్టిలో నీళ్ళు పట్టొచ్చాను, టీ తాగి వెళ్ళి కడిగేస్తా."

మరదలు గ్లాసు ఠక్కున పెట్టింది. "కడిగేస్తావా! అది మసి కాదు బావా, రంగు. దిద్దినప్పుడు నల్లగానే ఉంటుంది. పైన పూత పోస్తే తెల్లగా కప్పేస్తుంది, కాలాకే పూత గాజులా తేటపడి నీలం తేలుతుంది. పూత పొయ్యకముందే అక్క పోయింది."

ఎవరూ నవ్వలేదు. తాత అందరి మొహాల్లోకీ చూశాడు, ఎవరైనా అబద్ధమంటారేమోనని.

"ఇన్నేళ్ళలో నాకొక్క మాట చెప్పలేదేంటే?"

"చెబుదామంటే నీ నోటికి ఖాళీ ఎప్పుడుంది? పద, పూత నేను పోస్తా. మంట నువ్వే పెడుదువుగాని."

తాత లేచాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని, మరదలి వెనకే నడిచాడు.