పచ్చిరొట్ట

మట్టి పరీక్షల గదిలో, రైతు తన రిపోర్టును అధికారిణి ముందు పెట్టాడు.

"ఫ్యాక్టరీ నీళ్లు పారిన చేనమ్మా. మట్టిలో సీసం పోతుందని మీరిచ్చిన ఉప్పునేల మొక్కలే మూడేళ్లుగా వేస్తున్నాను. ఏపుగా పెరిగాయి. మరి సీసం తగ్గలేదేం?"

"అవి సీసాన్ని ఆకుల్లోకి లాగేస్తాయి బాబాయ్. కోసి మా బండికెక్కించమన్నాం కదా, ఎక్కించారా?"

"అంత పచ్చని ఆకు పారేయడానికి చేతులు రాలేదు. మా నాన్న చేసినట్టే, పూతకు రాగానే దున్నేశాను, పచ్చిరొట్ట ఎరువని."

ఆమె రిపోర్టులో సీసం అంకె కింద గీత గీసింది.

"అంటే లాగిన విషం మళ్లీ మట్టికే పెట్టారు. పోనీండి, మళ్లీ మొదలుపెడదాం."



"నా చేను సంగతి కాదమ్మా. మిగిలిన రొట్టంతా తమ్ముడి పొలానికి నేనే తోలాను. మా రెండిళ్లూ తినేది ఆ పొలంలో పండిన గింజలే."