తప్పు నాదేనన్న పేజీలక్కయ్య

1993 ఆగస్టు రెండవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు, మనమంతా పేజీలక్కయ్య అని పిలుచుకునే సీనియర్ ఇంజనీరు గారు మన ఆపరేటింగ్ సిస్టమ్ విభాగంలో విధులలో చేరారు. ఆ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు కర్నల్ వచ్చిందని ఆనాడు ఎవరికీ తెలియదు.

కంప్యూటరు మెమరీని పేజీలుగా విభజించి అడిగిన ప్రోగ్రాముకు కేటాయించడం, ఖాళీ తగ్గుతున్నదనగానే చాలాసేపుగా ఎవరూ తాకని పేజీలను వెనక్కి తీసుకోవడం వారికి అప్పగించిన బాధ్యత. ఏ ప్రోగ్రామూ పేజీ కోసం పేచీ పెట్టని రీతిలో తొలి అయిదేళ్లు కేటాయింపును, తరువాతి దశాబ్దం వాపసును తీర్చిదిద్దారు. ఆఫీసులో వాడని పేజీని క్షణం ఉండనివ్వని మనిషి, ఇంట్లో పదేళ్లనాటి వార్తాపత్రికను కూడా పారేయనివ్వరని బావగారి శాశ్వత ఫిర్యాదు.

2012లో, ఆస్పత్రులకు పంపవలసిన కొత్త వెర్షన్‌ను పరీక్షిస్తుండగా, ఒక ఉత్తుత్తి రోగి నాడి మరో ఉత్తుత్తి రోగి రికార్డులో కొట్టుకుంది. ఆ నెలలోనే కేటాయింపు కోడును వేగవంతం చేసినవాణ్ని నేను గనుక అందరి చూపులూ నావైపే తిరిగాయి. నన్ను విభాగం నుంచి తప్పించే ఉత్తరువు మేనేజరు గారి బల్లమీద సంతకానికి సిద్ధమైంది. అక్కయ్య రెండు రోజులు ఆగమన్నారు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక కాగితంతో మీటింగు గదిలోకి వచ్చారు. పేజీలో ఉన్నదాన్ని డిస్కు ఇంకా రాసుకుంటూండగానే ఆ పేజీ ఖాళీ అయిందని ప్రకటించే వాపసు కోడు లైను అందులో ఉంది. నా కోడు దాన్ని వెంటనే ఇంకొకరికి ఇచ్చేయడంతో, ఆ రెండోవారి అంకెలు మొదటివారి ఫైలులో పడుతున్నాయి.

“తప్పు ఇతనిది కాదండీ, నాది. తొమ్మిదేళ్ల కిందట నేనే రాశాను. ఇతను చురుగ్గా పంచబట్టి ఇప్పుడు బయటపడింది,” అన్నారు.

ఆ వారమే వారికి విభాగాధిపతి పదవి ఖాయం కావలసి ఉంది. లైనును చడీచప్పుడు లేకుండా సరిచేసుకుందామని, సంగతి గది దాటనక్కర్లేదని మేనేజరు గారు నచ్చజెప్పబోయారు.

“మరి ఆ ఉత్తరువో?” అన్నారు అక్కయ్య.

మేనేజరు గారు దాన్ని చింపేశారు. అక్కయ్య తన తప్పును తన పేరుతోనే నివేదికలో రాశారు. పదవి ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆ ఏడాదంతా వారిమీద నేనొక్క జోకూ వేయలేదు. నన్నెరిగినవారికి దాని బరువు తెలుస్తుంది.

అక్కయ్య ఈరోజు పదవీ విరమణ చేస్తున్నారు గనుక రేపటినుంచి ఆ కోడు నా చేతికి వస్తోంది. అందులో నా తప్పు బయటపడిననాడు, ఎవరూ వేలెత్తి చూపకముందే లేచి నిలబడతానని ఇందుమూలంగా మాట ఇస్తున్నాను. ఆ కబురు విని, “సరే, ఇక కూర్చో” అని నాతో అనడానికైనా, వారు బావగారితో కలిసి నిండు ఆరోగ్యంతో చాలా ఏళ్లు హాయిగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.