క్యారియరు మీద దాసన్న

ఏమప్పా, ఆడ బావి మలుపు కాడే దిగి నడ్సుకుంటా వస్తివే? నేను చూడలేదనుకుంటివా? పెండ్లాం స్కూటీ తోల్తాంటే ఎనక కూచోని వచ్చి, నా అంగడి కానొచ్చేతలికి దిగితివి. ఆ పిల్ల మందులంగడికి పోయి వచ్చేలోపల కూకో ఈ బెంచీ మీద. నీకు ఒగ మనిషిని గురించి చెప్పల్ల. దాసన్నని. నీకు తెల్దులే, నువ్వు పుట్టకముందే పోయినాడు. కర్నూలు రాజధానిగా ఉండె చూడు, కచేరీలన్నీ గుడారాల్లో నడుస్తాండె, అప్పటి మాట. నేను కొత్తగా ఈ సైకిలంగడి పెట్టింటి. ఆలూరులో అప్పుడు సైకిలుండేదే ఎవురికి? బాడుగకి తీస్కపోతాండ్రి, పొద్దుగూకే లోపల ముక్కో మూతో పగలగొట్టుకోని వస్తాండ్రి. దాసన్న నా ఈడోడే. మిషన్ బడిలో చిన్న అయివారు. ఆదోని హాస్టల్లో ఉండి చదివినాడు గానీ లెక్కల్లో తప్పి, ఎస్సెల్సీ నిలబడిపోయింది. అది పాసైతే పెద్ద బడికి పోవచ్చని వానికి ఒగటే తపన. పెండ్లి కొత్త. పెండ్లాం ఏసుమణి, ఎనిమిదో తరగతి చదివిన పిల్ల, బో చురుకు. మాటకు మాట వచ్చి పడేది.

ఆ సంవత్సరమే బ్లాకాఫీసొచ్చె ఊరికి. గ్రామసేవికలు కావల్లని చాటింపేసిరి. ఊరూరు తిరిగి ఆడోళ్ళకు పొగరాని పొయ్యి ఎట్లేయల్ల, పిల్లోళ్ళకు ఏం పెట్టల్ల, ఇట్లాంటివి చెప్పే ఉద్యోగం. ఏసుమణికి వచ్చె. వచ్చె అంటే సగం వచ్చె. ఊర్లు తిరగల్ల కాబట్టి ఆయమ్మే సైకిలు తొక్కల్ల, ఉగాది దాటినాక ఆఫీసరు ముందర తొక్కి చూపియ్యల్ల, ల్యాకుంటే ఇంకొగరికి పోతాది. ఇంట్లో ఉన్నాడు కదా మామ, శాంతయ్య. చర్చిలో పెద్ద, ఆయప్ప గొంతు సవరిస్తే ఈదిలో కుక్క గూడా అరవదు. కోడలు ఉద్యోగం చేసేదానికి అడ్డం చెప్పలే, మంచోడే. కానీ సైకిలనేతలికి లేచి నిలబడె. "మొగుడుండంగ ఆడమనిషి తోలేదేందిరా? దాసు తోల్తాడు, ఆయమ్మ ఎనక కూచుంటాది. ఊరు అట్లనే నడుస్తాండాది" అనె. ఆఫీసరు ఒప్పుకోడు నాయనా అని దాసన్న చెప్తే, నేనొచ్చి మాట్లాడ్తా ఆఫీసరుతో అనె. ఆయప్ప పోయి మాట్లాడితే ఇంకేముంది, ఉద్యోగం గంగలో కలిసినట్లే. ఏసుమణి మూడు దినాలు మొగునితో మాట్లాడలేదంట. జొన్నరొట్టె తట్టలో పెట్టడం లేదు, తట్టలోకి ఇసురుతాంది అని వాడే వచ్చి చెప్పె నాకు.

ఆ మర్సునాడు దాసన్న నా అంగడికొచ్చి, "ఈరన్నా, సైకిలియ్యి, నేర్చుకుంటా, మా నాయన తోలమన్యాడు" అనె. ఇస్తి. అబ్బబ్బ, ఏం చెప్పేదప్పా ఆ నేర్చుకునేది. కళ్ళం కాడ బయలుండాది కదా, ఆడికి పోరా అంటే పోడు. వాళ్ళ ఇంటి ముందరే, సరిగ్గా నాయన అరుగు మీద కూచున్న యాళకే ఎక్కుతాడు. మొదటి దినం పోయి కోళ్ళ గంప మీద పడె. మర్సునాడు జెముడు కంపలో పడి, వాళ్ళమ్మ వరమ్మ సాయంత్రం దంకా ముండ్లు తీస్తాండె, "నాయనా కొడకా, అయివారివి, నీకెందుకు నాయనా" అని ఏడుస్తాండె. ఆడలేక మద్దెల ఓడన్నట్లు నా సైకిలు మీద నెపం, హ్యాండిలు ఎడమకు లాగుతాందంట. కడాకు ఒగనాడు గుంజకు గుద్ది, ఎండబెట్టిన మామిడికాయ ముక్కలన్నీ మట్టి పాలు చేసి, ఎగిరిపోయి శాంతయ్య ఒళ్ళోనే పడినాడు. ఈదంతా నవ్వు. శాంతయ్య పంచ దులుపుకోని లేచి, కొడుకు తట్టు చూసి, కోడలి తట్టు చూసి, "అమ్మా ఏసుమణీ, వీడు నిన్ను ఎనక కూచోబెట్టుకుంటే ఇద్దరికీ సమాధి కట్టల్ల. నువ్వే నేర్చుకో తల్లీ" అనేసె.

ఆయమ్మ నేర్చుకునింది చూడు, చూడ్డానికే సంతోషం. కొంగు నడుముకు చెక్కి, పొద్దున్నే కళ్ళం కాడికొస్తాండె. దాసన్న ఎనక క్యారియరు పట్టుకోని పరుగెత్తేది. కింద చూడద్దు, దూరం చూడు, భయపడితే ఇంకా జోరుగా తొక్కు అని చెప్తాండె. సైకిలు రానోనికి ఇవన్నీ ఎట్ల తెలుసబ్బా అని నాకు అప్పుడు తట్టనే లేదు, అయివార్లు కదా, రానివే బాగా చెప్తారులే అనుకుంటి. ఆఫీసరు ముందర ఆయమ్మ గుండ్రంగ తిరిగి, గంట కొట్టి దిగె. ఉద్యోగమొచ్చె.

ఇంక ఆడనుంచి వాళ్ళ సంసారమంతా ఆ సైకిలు మీదే అనుకో. దాసన్నని మొలగవల్లి బడికి మార్చిరి. ఆయమ్మ ఊర్లు ఆ దోవలోనే. పొద్దున ఉగ్గాని తిని బయల్దేరేది, ఆయమ్మ ముందర తొక్కుతాంటే వీడు ఎనక కూచోని, లెక్కల పుస్తకం పెండ్లాం ఈపుకు ఆనిచ్చుకోని, గట్టిగా వల్లెవేసేది. మొలగవల్లి చేరేలోపల ఒగ పాఠం. మరిచిపోతే ముందర నుంచి ఆయమ్మ అందిచ్చేది, యినీ యినీ ఆయమ్మకే ముందొచ్చేసె. కోపమొచ్చిందనుకో, యాడ గుంత ఉంటే ఆడికే తోలేది. మెరక వస్తే దింపేది, దిగి నడ్సుకుంటా చదివేది వాడు. ఉగ్గాని హోటలు కాడ మాయట్లాంటోళ్ళం ఊరుకుంటామా? "సేవికమ్మ మూటేసుకోని పోతాందప్పో" అంటాంటిమి. క్యారియరు దాసన్న అనే పేరే పడిపాయె. ఒగడైతే నేరుగా అడిగె, మీసముండి ఎందుకన్నా అని. దాసన్న పుస్తకం మీద నుంచి తలెత్తి, "మీసం చదువుకోదు కదప్పా, నేను చదువుకుంటాండా" అని మల్ల తల వంచె. నవ్విన నాపచేనే పండుతాదంటారు. ఆ ఏడు లెక్కల్లో పాసై, ట్రైనింగుకు పోయి వచ్చి, పెద్ద బడిలో చేరె.

ఇప్పుడు చెప్తా యిను. ఆయమ్మకు మొదటి కాన్పు. పైటాల ఎండలో దాసన్న మొగమంతా చెమటతో వచ్చి, మాట్లాడకుండా నా అంగట్లో ఉన్న మంచి సైకిలు తీసె. ఒరే పడతావురో అంటాంటిని. ఎగిరి కూచుండె. ఏం కూచోడమప్పా అది, రెండు చేతులూ ఇడిసేసి తలకు తుండు కట్టుకుంటా, ఆదోని దోవలో గాలి మాదిరి పోయె. నేను పంపు చేతిలో పట్టుకోని అట్లనే నిలబడిపోతి. పొద్దువాలే యాళకు మిషన్ నర్సమ్మను ఎనక కూచోబెట్టుకోని వచ్చె. ఊరు కనబడేదే తడవు, దిగిపోయి, నర్సమ్మను క్యారియరు మీదే పెట్టుకోని రొప్పుకుంటా తోసుకొచ్చె, సైకిలు రానోని మాదిరే. నా ముందర నుంచి పోతా, "ఈరన్నా, నువ్వేం చూడలే" అనె. ఆదోని హాస్టల్లోనే నేర్చుకోనుంటాడు. వానికి వస్తాదని నాయనకు తెలిస్తే పెండ్లాం ఎనక కూచోవల్ల, అంతే కదా. అందుకని కోళ్ళ గంప మీద పడె, ముండ్లల్లో పడె, జనమంతా నవ్వితే ఓర్చుకునె. ఆ పొద్దు నాకు ఏడుపొచ్చినంత పనాయె. అంత మర్యాద మల్ల ఇంకొగ మగోని మీద నాకు పుట్టలేదు.

ఎవురికీ చెప్పలే. దాసన్న పోయినాక, శానా కాలానికి, ఏసుమణమ్మ చర్చి నుంచి పోతా ఈ బెంచీ మీదే కూచుండె. ఇంక దాచేదేముండాదని చెప్పేస్తి, అమ్మా, మీ ఆయప్పకు సైకిలు బాగా వస్తాండె అని. ఆయమ్మ నన్ను చూసి నవ్వె. "నాకు తెలీదా అన్నా? నా ఎనక కూచున్న మొదటి దినమే తెలిసె. బండి రానోళ్ళు మలుపు కాడ బిగుసుకుంటారు. ఆయప్ప నాతోపాటే ఒంగె" అనె. మల్ల యానాడూ అడగలేదా తల్లీ అంటి. "అడిగితే నేను ఎనక్కి పోవల్ల కదన్నా" అనె. నవ్వుతానే ఉండె, కండ్లల్లో నీళ్ళు కారిపోతాండె.

అదో, నీ పెండ్లాం వచ్చె. ఎండలో నిలబెట్టద్దు, పో. ఉండుండు, ముందర చక్రానికి గాలి తక్కువుండాది, పట్టిచ్చుకోని పోండి.